మంచు మీద మొదటి అడుగులు: గైడ్‌తో స్నోషూ నడకకి వెళ్లేముందు

ఈ ఎపిసోడ్‌లో స్నోషూయింగ్ గురించి మాట్లాడుకుందాం. సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు ఉండే మనవాళ్లు చలికాలం రాగానే అడిగే మాట ఒకటుంది. "స్కీయింగ్ మాకు రాదండీ, పడితే కాలు విరుగుతుందేమోనని భయం. కానీ మంచులోకి వెళ్లాలని ఉంది, ఏం చెయ్యాలి?" అని. వాళ్లకోసమే ఈ ఎపిసోడ్.

నడవడం వస్తే స్నోషూయింగ్ దాదాపు వచ్చినట్టే. చిక్కంతా ఆ తేలికలోనే ఉంది. స్కీయింగ్ రానివాళ్లు మొదటి వాలు మీదే పడతారు, అక్కడే ఆగిపోతారు. స్నోషూలు వేసుకున్నవాళ్లకి పది నిమిషాల్లో నడక కుదురుతుంది. ఆ ధైర్యంతో వెళ్లకూడని చోటికి కూడా కబుర్లు చెప్పుకుంటూ వెళ్లిపోతారు. అందుకే మొదటిసారి గైడ్‌తో వెళ్లమని చెబుతున్నాం. ఎక్కడికి వెళ్లకూడదు, ఎప్పుడు వెనక్కి తిరగాలి అన్న రెండు విషయాలకే గైడ్ ముఖ్యంగా కావాలి.

ఉదాహరణకి మౌంట్ రేనియర్ తీసుకుందాం. వాషింగ్టన్ రాష్ట్రంలో 14,410 అడుగుల ఎత్తున్న అగ్నిపర్వతం అది. దాని దక్షిణం వైపు దాదాపు 5,400 అడుగుల ఎత్తులో పారడైజ్ అనే చోటుంది. ప్రపంచంలో మంచు బాగా ఎక్కువగా పడే ప్రదేశాల్లో ఇదొకటి. 1971-72 చలికాలంలో ఇక్కడ 1,122 అంగుళాల మంచు పడింది. అంటే 28 మీటర్ల పైమాటే. పార్క్ రేంజర్లు ఇక్కడ చలికాలం వారాంతాల్లో కొత్తవాళ్లని స్నోషూ నడకకి తీసుకెళ్లే ఆనవాయితీ చాలా ఏళ్లుగా ఉంది. దూరం సుమారు 1.8 మైళ్లు, సమయం రెండు గంటలు, గ్రూపులో 25 మంది వరకు, పిల్లలకైతే 8 ఏళ్లు నిండాలి. ఏ ఏడాది షెడ్యూలు ఆ ఏడాదిదే, కాబట్టి బయల్దేరేముందు పార్క్ వెబ్‌సైట్ చూసుకోండి. ఆ రోజుల్లో రేంజర్ నడక లేకపోతే, పార్క్ అనుమతి ఉన్న ప్రైవేటు గైడ్‌తో వెళ్లొచ్చు.

స్నోషూ ఎలా పనిచేస్తుంది?

మన ఊళ్లో దమ్ము చేసిన మడిని గుర్తు తెచ్చుకోండి. అందులో కాలు పెడితే పిక్కల దాకా దిగబడుతుంది. అదే మడిలో, చదును చేసే పలక మీద మనిషి నిలబడితే దిగబడడు. బరువు మారలేదు, అది పరుచుకున్న జాగా పెరిగింది. స్నోషూ చేసేది కూడా ఇంతే. 70 కిలోల మనిషి బూటు అడుగుభాగం ఎంత? సుమారు 250 చదరపు సెంటీమీటర్లు. స్నోషూది దానికి నాలుగైదు రెట్లు. కాబట్టి మంచు మీద ఒత్తిడి నాలుగో వంతుకో ఐదో వంతుకో తగ్గుతుంది.

అంతమాత్రాన మంచు మీద తేలిపోతారనుకోకండి. కొత్తగా పడిన మెత్తటి మంచులో స్నోషూ వేసుకున్నా కొంత దిగుతుంది. అవి లేకుండా వెళ్తే తొడల దాకా దిగబడతారు. ఒక్కో అడుగూ పైకి లాక్కోవడానికే ఓపికంతా అయిపోతుంది.

ఉత్తర అమెరికా ఆదివాసులు వందల ఏళ్లుగా వీటిని వాడుతున్నారు. చెక్కని వంచి చట్రం చేసి, మధ్యలో పచ్చి తోలు పట్టీలు అల్లేవాళ్లు. ఇప్పుడు అల్యూమినియం చట్రాలో గట్టి ప్లాస్టిక్కో వస్తున్నాయి. పాదం కింద ఇనుప పళ్లుంటాయి, గట్టిబడిన మంచు మీద జారకుండా పట్టుకునేవి అవే. సైజు ఎంచుకునేటప్పుడు మీ బరువుకి బ్యాగు బరువు కూడా కలిపి చెప్పండి.

నడక నేర్చుకోవడానికి పది నిమిషాలు

గైడ్ ముందు చదునైన చోట నడిపిస్తాడు. గుర్తుపెట్టుకోవాల్సినవి నాలుగే.

ఒకటి, కాళ్లు మామూలుకన్నా కొంచెం ఎడంగా పెట్టండి. లేకపోతే ఒక స్నోషూని ఇంకో స్నోషూతో మీరే తొక్కుకుని పడతారు.

రెండు, వెనక్కి అడుగు వెయ్యకండి. స్నోషూ తోక మంచులో గుచ్చుకుంటుంది. తిరగాలంటే ఎడ్లబండి తిరిగినట్టు పెద్ద వంపు తీసుకుని తిరగండి.

మూడు, ఎక్కేటప్పుడు బూటు ముందుభాగాన్ని మంచులోకి తన్ని, మెట్టు చేసుకుని ఎక్కండి. దిగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచండి, తొందరపడకండి.

నాలుగు, పడితే కంగారు పడకండి. పక్కకి దొర్లి, మోకాళ్ల మీదకి వచ్చి, చేతికర్రల సాయంతో లేవండి. ఆ కర్రల చివర వెడల్పాటి చక్రం ఉండాలి, లేకపోతే కర్ర మొత్తం మంచులోకి దిగిపోతుంది.

అసలు శత్రువు చెమట

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చలి అనగానే ఇంట్లో ఉన్న స్వెటర్లన్నీ వేసుకుని, కింద జీన్స్ తొడుక్కుని వస్తారు. స్నోషూలతో నడవడం మామూలు నడకకన్నా బాగా ఎక్కువ శ్రమ. ఇరవై నిమిషాలకి లోపలి నూలు బనీను చెమటకి తడుస్తుంది. గ్రూపు ఆగుతుంది. ఆ తడి ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఇక వణుకు మొదలు. తడిసిన నూలు బట్ట ఆ చలిలో ఆరదు. జీన్స్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అందుకని మూడు పొరలు. ఒంటికి ఆనుకుని పాలిస్టరో మెరీనో ఉన్నో. దానిమీద ఫ్లీస్. పైన గాలీ నీళ్లూ చొరని జాకెట్టు. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి, అప్పుడే సరిగ్గా వేసుకున్నట్టు. నడక మొదలయ్యాక చెమట పట్టకముందే ఒక పొర తీసి బ్యాగులో పెట్టండి, ఆగగానే మళ్లీ వేసుకోండి. చేతి గ్లోవ్స్ రెండు జతలు, సాక్స్ ఒక జత అదనంగా పెట్టుకోండి.

నల్ల కళ్లద్దాలు తప్పనిసరి. తాజా మంచు ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని తిరిగి పైకి కొడుతుంది. సన్‌స్క్రీన్ గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయాలి, అక్కడ ఎండ కిందనుంచి వస్తుంది కాబట్టి. నీళ్ల సీసా బ్యాగులో తలకిందులుగా పెట్టండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి, అలా పెడితే మూత దగ్గర గడ్డకట్టదు. తినడానికి పల్లీ చిక్కీ, చపాతీ చుట్టలు, ఫ్లాస్కులో వేడి టీ. గ్లోవ్స్ తియ్యకుండా తినగలిగేవైతే మేలు.

గైడ్ ఏం చూస్తున్నాడు?

మీరు కొండని చూస్తూ ఫోటోలు తీసుకుంటుంటే గైడ్ మూడు విషయాలు లెక్కవేస్తుంటాడు.

మొదటిది వాలు. హిమపాతాలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. చూడ్డానికి అందంగా, నున్నగా, చెట్లు లేకుండా ఉండే వాలే చాలాసార్లు ప్రమాదకరమైనది. చెట్లు ఎందుకు లేవు అని అడగాలి మనం. ఇంకో ముఖ్యమైన సంగతి. హిమపాతంలో చనిపోయినవాళ్లలో అత్యధికుల విషయంలో ఆ మంచుని కదిలించింది వాళ్లో, వాళ్లతో ఉన్నవాళ్లో. పెద్ద చప్పుడుకి జారుతుందన్నది సినిమా మాట. మనిషి బరువు చాలు. మీరు చదునైన చోట ఉన్నా సరే, పైన నిటారు వాలుంటే అక్కడిది మీ మీదకే వస్తుంది. ఈ ప్రాంతానికి నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ చలికాలమంతా రోజూ అంచనా ఇస్తుంది. ప్రమాదం ఒకటి నుంచి ఐదు అంకెల్లో ఉంటుంది. గైడ్ అది చూడకుండా బయల్దేరడు. మీరూ చూడండి.

రెండోది, కనుచూపు. పారడైజ్‌లో మబ్బు దిగితే ఆకాశం, నేల ఒకే తెలుపు. వాలు ఎక్కడ మొదలవుతుందో కంటికి తెలియదు. మన అడుగుల గుర్తులు చూసుకుని తిరిగొద్దాంలే అనుకుంటారు. గాలి వీస్తే కొద్దిసేపట్లో అవి మాయమైపోతాయి. 2012 జనవరిలో ఇక్కడే, ఒక స్నోషూ గ్రూపుని నడిపిస్తున్న పెద్దాయన వాలు మీదనుంచి జారి గ్రూపుకి దూరమయ్యాడు. ఆయన కొత్తవాడేం కాదు. రెండు రాత్రులు మంచులో గడిపాడు. వెచ్చదనం కోసం దగ్గరున్న వస్తువులు, చివరికి జేబులోని డాలరు నోట్లు కూడా కాల్చుకున్నాడు. మూడోరోజు ప్రాణాలతో దొరికాడు. అనుభవం ఉన్నవాళ్లకే అలా జరిగితే, మొదటిసారి వెళ్లే మనం అగ్గిపెట్టె, హెడ్‌లైటు, అదనపు పొర లేకుండా వెళ్లొచ్చా? రెండు గంటల నడకకి ఇవన్నీ ఎందుకు అనకండి. ఆ రెండు గంటలు ఎప్పుడు రాత్రవుతాయో చెప్పలేం.

మూడోది, మీరు. గైడ్ అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషిని గమనిస్తుంటాడు. మాట తడబాటు, చేతి తడబాటు, కాలి తడబాటు, ఈ మూడూ ఒంట్లో వేడి పడిపోతోందనడానికి గుర్తులు. జిప్పు పెట్టుకోలేకపోవడం, ఊరికే తూలడం, అడిగినదానికి పొంతన లేని జవాబు. అలాంటప్పుడు మనిషి "నాకేం కాలేదు" అనే అంటాడు. ఆ మాట నమ్మకూడదు. వేళ్లు తెల్లబడి స్పర్శ తెలియకపోతే మొహమాటపడకుండా వెంటనే చెప్పండి. నావల్ల అందరూ ఆగిపోతున్నారే అని ఊరుకున్నవాళ్లకే దెబ్బ ఎక్కువ.

ఇంకొకటి. చిన్న ఫర్ చెట్ల మొదళ్ల దగ్గరకి వెళ్లొద్దు. కొమ్మల కింద మంచు సరిగ్గా నిండక చెట్టు చుట్టూ బావిలా గుంత ఉంటుంది, పైకి కనపడదు. అందులో తలకిందులుగా పడితే సొంతంగా బయటికి రావడం చాలా కష్టం.

అమ్మానాన్నలని తీసుకెళ్లొచ్చా?

డిసెంబరులో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లుంటారు, మంచు చూపించాలని పిల్లలకి ఆశ. రోజూ గంటసేపు హాయిగా నడిచే మనిషైతే 65 ఏళ్లున్నా వెళ్లొచ్చు. మోకాళ్ల నొప్పి ఉంటే దిగేటప్పుడు బాధ తెలుస్తుంది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా రావొద్దు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, దానిమీద ఈ శ్రమ. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు దాన్ని బ్యాగులో కాకుండా లోపలి జేబులో పెట్టుకోవాలి, గడ్డకడితే ఇక పనికిరాదు. "ఇంతదూరం వచ్చాం కదా" అని వాళ్లు మనకోసం ఓర్చుకుంటారు. కాబట్టి చాలనే మాట ముందు మనమే అనాలి. వాళ్లు విజిటర్ సెంటర్ అద్దాల్లోంచి మంచు చూస్తూ టీ తాగినా అది మంచి రోజే.

దారి, టైము

సియాటిల్ నుంచి పారడైజ్‌కి మామూలుగా రెండున్నర గంటలు. నవంబరు 1 నుంచి మే 1 దాకా పార్క్‌లోకి వెళ్లే ప్రతి బండిలో టైర్ చెయిన్లు ఉండాలి. ఆల్ వీల్ డ్రైవ్ అయినా సరే, ఉండాల్సిందే. వాటిని ఎలా బిగించాలో ఇంటి ముందు ఒకసారి ప్రాక్టీసు చెయ్యండి. లాంగ్‌మైర్ దగ్గర గేటు రాత్రి మూసేస్తారు, పొద్దున మంచు తీశాక తెరుస్తారు. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అందుకే తిరుగుటైము నడక మొదలవకముందే నిర్ణయించుకోవాలి. ఆ టైము వచ్చాక, అనుకున్న చోటికి ఇంకో పది నిమిషాలే ఉన్నా సరే, తిరగాలి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఎవరికైనా చెప్పి వెళ్లండి.

ప్రైవేటు గైడ్ అయితే డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. పార్క్ అనుమతి ఉందా? హిమపాతాల శిక్షణ తీసుకున్నారా? ఒక గైడ్‌కి ఎంతమంది? వాతావరణం బాగాలేకపోతే ఏం చేస్తారు? చివరిదానికి "ఏం ఫర్వాలేదు, ఎలాగైనా తీసుకెళ్తాం" అంటే ఆ గైడ్‌ని వదిలేయండి. "రద్దు చేస్తాం, లేదా దారి మారుస్తాం" అనేవాళ్లే మనకి కావాలి.

నడకలో కాసేపు అందరూ మాట్లాడకుండా నిలబడండి. మీ కాళ్ల కింద, మంచుకీ నేలకీ మధ్య ఉండే సందులో చిట్టెలుకలు చలికాలమంతా తిరుగుతుంటాయి. పైన ఎంత చలి ఉన్నా అక్కడ సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. మంచే వాటికి దుప్పటి. వెడల్పాటి వెనక పాదాలతో మంచు మీద గెంతే స్నోషూ కుందేలు అడుగులు కూడా కనపడొచ్చు. నక్క దగ్గరకి వస్తే మాత్రం చిక్కీ ముక్క వెయ్యకండి. మనుషుల తిండికి అలవాటుపడిన నక్కలు రోడ్డు మీదకొచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

మీరు వెళ్లిన రోజు గైడ్ సగం దారిలోనే "ఇక తిరుగుదాం" అంటే, డబ్బులు దండగయ్యాయని అనుకోకండి. మీరు గైడ్‌కి డబ్బులిచ్చింది ఆ మాట కోసమే. కొండ ఎక్కడికీ పోదు, వచ్చే శనివారమూ అక్కడే ఉంటుంది.