తెలిసీ కదలని రాజు

హీబ్రూ లేఖనాల్లో దైవతీర్పు అనగానే చాలామందికి నోవహు నాటి జలప్రళయం, సొదొమ మీద కురిసిన అగ్ని గుర్తొస్తాయి. యూదులు తనఖ్ అనీ, క్రైస్తవులు పాత నిబంధన అనీ పిలిచే ఈ గ్రంథాల్లో అలాంటి ఘట్టాలు ఉన్నమాట నిజమే. అయితే రాజుల చరిత్రలోకి, ప్రవక్తల పుస్తకాల్లోకి వచ్చేసరికి తీర్పు నడక మారిపోతుంది. ఏళ్ళ తరబడి హెచ్చరికగా వస్తుంది, తప్పించుకునే దారి చూపిస్తుంది, ఆ దారి పూర్తిగా మూసుకుపోయేదాకా ఆగుతుంది. అక్కడ తీర్పును కొనితెచ్చుకునే మూఢత్వమంటే తెలియకపోవడం కాదు, తెలిసీ కదలకపోవడం. యూదా రాజ్యపు ఆఖరి రాజు సిద్కియా కథ ఇందుకు బలమైన సాక్ష్యం.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకుని, రాజు యెహోయాకీనును చెరపట్టి, అతని పినతండ్రి సిద్కియాను గద్దె మీద కూర్చోబెట్టాడు. ఇది బైబిలు ఒక్కటే చెబుతున్న మాట కాదు. బబులోను మట్టిఫలకాల్లోని వృత్తాంతం కూడా నెబుకద్నెజరు ఆ నగరాన్ని పట్టుకుని తనకు నచ్చిన రాజును నియమించినట్టు చెబుతుంది. చెరలో ఉన్న యెహోయాకీనుకు, అతని కొడుకులకు కొలిచి ఇచ్చిన నూనె పద్దులు కూడా దొరికాయి. గద్దెనెక్కే నాటికి సిద్కియా వయసు 21 ఏళ్ళు. అతని అన్న యెహోయాకీము తన ఏలుబడిలో యిర్మీయా ప్రవక్త మాటలు రాసిన గ్రంథపు చుట్టను చదివించుకుంటూ, చదివిన మేరకు చాకుతో కోసి నిప్పుల కుంపటిలో వేశాడు. సిద్కియా ఆ తరహా మనిషి కాదు. ప్రవక్తను పిలిపిస్తాడు, అడుగుతాడు, వింటాడు. అందుకే అతని పతనం మరింత బాధపెడుతుంది.

కొన్నేళ్ళకు సిద్కియా ఐగుప్తును నమ్ముకుని బబులోను మీద తిరగబడ్డాడు. శత్రుసేన మళ్ళీ వచ్చి నగరాన్ని చుట్టుముట్టింది. అప్పుడు జరిగిన ఒక సంగతిని యిర్మీయా గ్రంథం 34వ అధ్యాయం నమోదు చేసింది. ఆరేళ్ళు చాకిరీ చేసిన హెబ్రీ దాసుణ్ణి ఏడో ఏట విడిచిపెట్టాలన్నది వాళ్ళ ధర్మశాస్త్రం. ఎవరూ పాటించని ఆ నియమం ముట్టడి భయంతో అందరికీ ఒక్కసారిగా గుర్తొచ్చింది. రాజు ఒడంబడిక చేయించగా అధికారులు, ప్రజలు ఆలయంలో కోడెదూడను రెండుగా కోసి, ఆ ముక్కల నడుమ నడిచి, దాసులందరినీ విడిపిస్తామని ప్రమాణం చేశారు. విడిపించారు కూడా. ఇంతలో ఐగుప్తు సైన్యం కదిలిందని తెలిసి బబులోను సేన ముట్టడి ఎత్తేసి వెళ్ళింది. ప్రమాదం తప్పిందనుకోగానే యజమానులు అదే మనుషులను పట్టుకొచ్చి మళ్ళీ దాసులుగా చేసుకున్నారు. విడుదలంటే ఏమిటో వాళ్ళకు తెలుసు, చేసి చూశారు, వెనక్కి తీసుకున్నారు. వెళ్ళిన సేన తిరిగివస్తుందని యిర్మీయా ప్రకటించింది ఇందుకే. నా దృష్టిలో ఆ పుస్తకం మొత్తానికి ఇదే కీలకం. బలిపీఠం దగ్గరి లోపాల కంటే దాసుడి మెడ మీది కాడి అక్కడ ఎక్కువ బరువు తూగుతుంది.

ఆ తర్వాత అధికారులు యిర్మీయాను బురద నిండిన గోతిలోకి దించారు. మిమ్మల్ని అడ్డుకునే శక్తి నాకు లేదని వాళ్ళతో అన్నవాడు దేశాన్నేలే రాజే. ప్రవక్తను చింకిగుడ్డలు, తాళ్ళ సాయంతో పైకి లాగించినవాడు కూషు దేశస్థుడైన ఎబెద్మెలెకు అనే రాజసేవకుడు. పరదేశికి ఉన్న తెగువ రాజుకు లేకపోయింది. సిద్కియా ఆ ప్రవక్తనే రహస్యంగా పిలిపించి దారి అడిగాడు. లొంగిపోతే నగరం కాలదు, నీ ఇంటివాళ్ళు బతుకుతారని యిర్మీయా తేల్చి చెప్పాడు. అంతటి ఆపదలోనూ తీర్పు ఇంకా ఖాయం కాలేదన్నమాట. రాజు ఆ మాట అబద్ధమనలేదు. అప్పటికే శత్రువుతో కలిసిన యూదులు తనను ఎగతాళి చేస్తారని భయపడ్డాడు, ఈ మాటలు ఎవరికీ తెలియనివ్వొద్దని పంపేశాడు. క్రీ.పూ. 587లోనో 586లోనో (పండితుల లెక్కల్లో ఏడాది తేడా ఉంది) ప్రాకారం బద్దలైంది. పారిపోతూ యెరికో మైదానంలో చిక్కిన సిద్కియా కళ్ళెదుటే కొడుకులను చంపి, ఆపైన అతని కళ్ళు పెరికించారు.

ఐగుప్తును నమ్ముకోవడం రాజకీయంగా తప్పేమీ కాదనే చరిత్రకారులుండవచ్చు. ఆ సేన నిజంగానే వచ్చింది కాబట్టి ఆ లెక్కలో కొంత అర్థముంది. కానీ దాసుల విషయంలో చేసిన మోసానికి ఆ లెక్క సమాధానం కాదు. ఇదంతా ఓటమి తర్వాత అల్లిన వివరణ అన్న వాదన ఇంకా గట్టిది. సంఘటనలు కల్పితం కావని చెప్పడానికి ఆధారాలున్నాయి. లాకీషు, అజేకా అనే కోటలే చివరకు మిగిలాయని గ్రంథం చెబుతుంది. 1935లో లాకీషులో దొరికిన పెంకుల మీది జాబుల్లో, అజేకా కనబడడం లేదని ఒక సైనికోద్యోగి రాశాడు. వివరణ మాత్రం నమ్మకానికి సంబంధించినదే. పైగా ఓటమికి దేవుని కోపం కారణమనడం హెబ్రీయుల సొంత ఆలోచనా కాదు. 1868లో వెలుగుచూసిన మోయాబు రాజు మేషా శాసనం, కెమోషు దేవుడు తన దేశం మీద కోపించినందువల్లే ఇశ్రాయేలు తమను అణచిందని చెబుతుంది. అయితే ఆ దేవుడికి కోపమెందుకొచ్చిందో మేషా చెప్పలేదు. హెబ్రీ ప్రవక్త రాజు పేరు, ప్రమాణం భంగమైన తీరు, అన్యాయానికి గురైనవాళ్ళు ఎవరన్నది విప్పి చెబుతాడు. తమ పాలకుల మీద ఇలాంటి అభియోగపత్రాన్ని ఓడిన జాతే తన పవిత్ర గ్రంథంగా దాచుకుంది.

వీటన్నిటికంటే బరువైన ప్రశ్న మరొకటి ఉంది. రాజు తప్పు చేస్తే పసిపిల్లలు ఆకలితో ఎందుకు చావాలి? గోడలు కూలాక భూమీ పుట్రా లేని పేదలకు బబులోను సేనాపతి ద్రాక్షతోటలు, పొలాలు ఇచ్చాడని యిర్మీయా గ్రంథం 39వ అధ్యాయం చెబుతుంది కానీ, ముట్టడిలో పోయిన ప్రాణాలకు అది బదులు కాదు. యిర్మీయా వాదనతో ఈ ప్రశ్న తీరదు. తీరిందని చెప్పడం ఆ చనిపోయినవాళ్ళకు అన్యాయం. లేఖనాలూ అలా చెప్పలేదు. రొట్టె కోసం ఏడ్చే పిల్లలను చూపించి దేవుణ్ణే నిలదీసే విలాపవాక్యాలకు అదే సంపుటిలో చోటిచ్చాయి. ఆలయ పతనాన్ని తలచుకునే ఆబ్ నెల తొమ్మిదో రోజున యూదులు ఇప్పటికీ ఉపవాసముండి చదివేది ఆ విలాపాన్నే.