పట్టిన విడువని విషము



డోను ప్రాంతపు మెట్టభూములలో తంగేడు నెఱుగనివారు లేరు. దాని చెక్క నానిన నీట పదునుచేసిన తోలు కుళ్లక చిరకాలము నిలుచును. చెక్కలోని వగరు తోలునందలి మాంసకృత్తులను పట్టుకొని విడువకుండుటయే యిందుకు కారణము. చచ్చిన తోలునకు మేలుచేయు నిట్టి పట్టు బ్రతికిన శరీరమున జరిగిన నేమగునో నేను మనవి చేసెదను.

మనము చేయి కదల్పదలచినపుడు నరము కొనయందు అసిటైల్ కోలిన్ అను ద్రవ్యము వెలువడి కండరమునకు వార్త నందించును. వార్త యందిన తోడనే దానిని త్రుంచివేయుటకు అక్కడ నొక మాంసకృత్తు కాచియుండును. దానికి అసిటైల్ కోలినెస్టరేసు అని పేరు. అది పనిచేయనిచో వార్త యాగదు. కండరమునకు విశ్రాంతి యుండదు.

మోనోక్రోటోఫాసు, క్లోరిపైరిఫాసు మొదలగు పురుగుమందులు భాస్వర సంబంధమైనవి. ఇవి శరీరమున ప్రవేశించి, ఆ మాంసకృత్తు పనిచేయు చోటనే అంటుకొనును. తాళములో తాళపుచెవి విఱిగి చిక్కుకొన్నట్లే. పురుగు చచ్చుటకును, మనుష్యుడు నురుగు గ్రక్కుటకును కారణ మొక్కటే. కంటిపాప సూదిమొనయంత యగును, చొంగయు చెమటయు కాఱును, కండరము లదరును, తుదకు ఊపిరి యాడదు.

వైద్యులిచ్చు అట్రోపిన్ ఈ లక్షణములలో కొన్నిటి నణచును. ప్రాలిడాక్సిమ్ అంటిన విషము నూడదీయగలదు. కాని కాలము గడచినకొలది అతుకు గట్టిపడి, పిమ్మట నే మందునకును లొంగదు. కావున రోగిని క్షణమైన నాలసింపక ఆసుపత్రికి చేర్పవలెను.

ముఖ్యవిషయ మిది. అట్లు చెడిన మాంసకృత్తు బాగుపడదు, క్రొత్తది పుట్టవలెను. నెత్తుటి యెఱ్ఱకణములు దానిని మరల చేసికొనలేవు. వాని యాయువు సుమారు 120 దినములు. పాతవి పోయి క్రొత్తవి వచ్చినగాని నెత్తుటిలోని లోటు తీరదు. అందుచేత నిన్న మందుకొట్టినవాడు నేడు కులాసాగానున్నాడని దినదినమును వానినే పంపరాదు. కొంచెము కొంచెముగ కూడిన చెఱుపు ఒకనాడు పడగొట్టును.

1958లో కేరళమున నిట్టి మందు గోధుమపిండిలో కలసి వందమందికి పైగా మరణించిరి. 1968లో పార్లమెంటు పురుగుమందుల చట్టము చేసెను. అయినను చట్టము ప్రతి చేనిగట్టున కావలి యుండజాలదు. గాలికెదురుగ కొట్టవలదనియు, ఈ విషము చర్మముగుండను లోపలికి పోవును గనుక తడిసిన బట్టలు విప్పి సబ్బుతో స్నానము చేయుడనియు, మందుడబ్బాలలో నీరు పట్టవలదనియు గ్రామపెద్దలైన మీరు చెప్పినచో యువకులు విందురు.