పటం గోడకెక్కింది, కథకుడేడి?

చేర్యాల బొమ్మ నేడు హస్తకళల దుకాణాలకు, నగరాల గోడలకు అలంకారం. ఎర్రని నేపథ్యంపై మెరిసే ఆ రంగులను చూసి ముచ్చటపడుతున్నాం. భౌగోళిక గుర్తింపు దక్కిందని గర్విస్తున్నాం. కానీ ఆ పటం ఎవరి కథ చెప్పడానికి పుట్టిందో అడగడం మానేశాం.

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తిరుమణి బంక పూసి పటం సిద్ధం చేసేవారు. దీపపు మసి నుంచి నలుపు, శంఖం నుంచి తెలుపు, ఇంగిలీకం నుంచి ఎరుపు తీసేవారు. ఉడుత వెంట్రుకలే కుంచె. ఆ గజాల కొద్దీ పటం అమ్మకపు సరుకు కాదు, ఆశ్రిత కులాల కథకులు చేయించుకున్న సంచార దేవాలయం. కూనపులివారు పద్మశాలీలకు, గౌడజెట్టిలు గౌడులకు, కాకిపడగలవారు ముదిరాజులకు, డక్కలివారు మాదిగలకు పటం విప్పి కథ చెప్పారు. పూజ చేశాకే కథ మొదలయ్యేది. జీర్ణించిన పటాన్ని పారేయక నీటిలో నిమజ్జనం చేసేవారు. గుడి గడప తొక్కనివ్వని సమాజంలో మాదిగవాడకు దైవం అలా గుడ్డపై నడిచివచ్చింది.

ఆ దైవం చెప్పిన మాట సామాన్యమైనది కాదు. పురుషసూక్తం శూద్రులను పాదాల నుంచి పుట్టించింది, పంచములకు ఆ దేహంలో చోటే ఇవ్వలేదు. జాంబపురాణం దానికి తిరుగులేని జవాబు. భూమి పుట్టడానికి ఆరు నెలల ముందే జాంబవంతుడు పుట్టాడని అది ప్రకటిస్తుంది. అందరికన్నా ముందున్నవాడిని అంటరానివాడని ఎవరనగలరు? ఇది పురాణ భాషలో సాగిన కుల విమర్శ.

అలాగని పటాన్ని నిర్దోషిగా చూపనక్కరలేదు. దేవతలకు నీలం, పసుపు, రాక్షసులకు ముదురు ఛాయలు కేటాయించిన సంప్రదాయమే అది. మన భాషలో వర్ణమంటే రంగు మాత్రమే కాదు కదా! మాదిగల ఆత్మగౌరవ గాథను మోసిన డక్కలివారు ఆ మాదిగలకే ఆశ్రితులు, వారికన్నా కింది మెట్టుకు నెట్టబడ్డవారు. అంబేడ్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానతకు ఇంతకన్నా నిదర్శనమేం కావాలి?

మార్కెట్ ఈ వైరుధ్యాన్ని పరిష్కరించలేదు, కత్తిరించింది. గజాల పటం చట్రంలో ఇమిడే చిన్న బొమ్మయింది. కథ చెప్పేవాడు లేకపోయినా బొమ్మ అమ్ముడుపోతుంది. కల్లుగీత, బతుకమ్మ దృశ్యాలు ముచ్చటైన పల్లె జ్ఞాపకాలుగా మిగులుతాయి, కుల ప్రశ్న చట్రం బయటే ఉండిపోతుంది. కొనుగోలుదారులపై ఆధారపడి బతుకుతున్న కొద్దిపాటి నకాషీ కుటుంబాలను ఇందుకు నిందించడం అన్యాయం. తప్పు, రూపాన్ని కాపాడి వాక్కును వదిలేసిన మన సాంస్కృతిక విధానానిది.

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అమలైన ఎస్సీ వర్గీకరణలో డక్కలివారు మొదటి గ్రూపులో ఉన్నారు. ఆ గ్రూపులోని 15 కులాలకు కలిపి 1 శాతం రిజర్వేషన్ దక్కింది. చదువుకు, కొలువుకు అది ఆలస్యంగా తెరిచిన తలుపు. సాంస్కృతిక న్యాయం మాత్రం ఇంకా మిగిలే ఉంది. జాంబపురాణాన్ని కథకుల గొంతులతో సహా నమోదు చేయాలి. విశ్వవిద్యాలయాలు వారిని సమాచారం ఇచ్చేవారుగా కాక ఆచార్యులుగా పిలవాలి. ప్రదర్శనశాలలో పటం పక్కన కథకుడి కులం, కథ, ప్రతిఫలం కనిపించాలి.

రంగులను కాపాడుకున్నాం. ఆ రంగులు పలికిన మాటను వినడానికి సిద్ధమేనా?