పుష్యమాసంలో చేతుల లెక్క



పుష్యమాసంలో పూసలు గుచ్చేంత పొద్దు కూడా ఉండదని మన పెద్దలు అంటూ ఉంటారు. ఆ మాట ఉత్తది కాదు. మన వరంగల్ ప్రాంతంలో జ్యేష్ఠమాసపు పగటికి, ఈ నెల పగటికి రెండు గంటల పైచిలుకు తేడా ఉన్నది. పొద్దు పొడిచి, మంచు విడిచి, చేతులు పనికి వచ్చేసరికి ఎనిమిది అవుతుంది. సాయంత్రం ఆరు గంటల వేళకే పొద్దు గూకుతుంది. పొద్దు చిన్నది, పని మాత్రం కొండంత. ఈ చిన్న పొద్దులో ఆ పెద్ద పనిని ఎట్లా ఇముడ్చుకోవాలో ఇవాళ కొంచెం ముచ్చటించుకుందాము.

మన మూడు జిల్లాల సంగతే చూడండి. జనగామ వైపు బావుల కింద, చెరువుల కింద, దేవాదుల నీళ్లు అందే చోట యాసంగి నాట్లు. మహబూబాబాద్ వైపు ఏ తండాకు పోయినా, ఏ ఊరికి పోయినా మిరప ఏరుడు, కల్లాల్లో ఎర్రటి కుప్పలు. భూపాలపల్లి వైపు మిరపతోపాటు పత్తి చివరి ఏరుడు, మక్కకు నీళ్లు, ఎరువు. 2016 అక్టోబరు దాకా ఈ మూడింటిలో చాలా భాగం ఒక్క వరంగల్ జిల్లాలోనే ఉండేది. జిల్లాలు వేరైనా పనులు వేరు కాలేదు. చాలా ఇళ్లలో వరి, మిరప, పత్తి మూడూ ఉంటాయి. మూడూ ఒకే నెలలో పిలుస్తాయి. వీటి నడుమ సంక్రాంతి పండుగ, మల్లన్న జాతరలు, రెండేళ్లకోసారి మేడారం.

ముందుగా నా పొరపాటు ఒకటి చెప్పుకుంటాను. నేను వ్యవసాయ డిప్లొమా చదివి 2017లో ఉద్యోగంలో చేరాను. ఆ చలికాలం ఒక ఇంటికి పోయాను. వారికి ఆరెకరాలు. రెండెకరాలు వరికి పెట్టుకున్నారు, ఎకరంన్నర మిరప, రెండున్నర ఎకరాలు పత్తి. నేను పుస్తకంలో ఉన్నదంతా ఒప్పజెప్పాను. నారు ముదరకముందే నాటండి, మిరపకాయ పండగానే ఏరండి, పత్తి కట్టె వెంటనే తీసివేయండి అన్నాను. ఇంటాయన తల ఊపాడు. ఆయన భార్య బర్రెకు గడ్డి వేస్తూ వెనక్కు తిరిగి, “సారూ, గీ పనంత ఎవలు చేస్తరో గది గూడ రాసిన్రా?” అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను.

నవ్వవలసిన మాట కాదు అది. మూడు పనులూ ఒక్కసారే మీద పడినవి. కైకిలి మనుషులు దొరకలేదు. నారు నలభై రోజులు దాటి ముదిరింది. ఏరిన మిరపకాయ రెండు రాత్రులు మంచులో తడిసి రంగు పోయింది. ఎనిమిదో తరగతి చదివే పిల్ల సంక్రాంతి సెలవులు అయిపోయినా బడికి పోలేదు. తల్లి తోటలో ఉంటే చంటి తమ్ముణ్ణి ఆ పిల్లే ఎత్తుకునేది. మూడు వారాల తరువాత బడికి పోయింది గాని లెక్కల పాఠం అందుకోలేకపోయింది. ఆ ఇంటికి వచ్చిన నష్టంలో నా వంతు కూడా ఉన్నదని నాకు తరువాత తెలిసింది. నేను పంటల లెక్క చెప్పాను గాని చేతుల లెక్క చెప్పలేదు.

కాబట్టి ఆ చేతుల లెక్క ఎట్లా వేయాలో ఇప్పుడు చూద్దాము. ఆ ఇంటి లెక్కే తీసుకుందాము. ఎకరం నాటుకు పది మంది ఒక రోజు. రెండెకరాలకు 20 కైకిళ్లు. ఎకరంన్నర మిరపలో ఒక ఏరుడుకు వారికి 60 పట్టాయి. పత్తి చివరి ఏరుడుకు 12. మొత్తం 92 కైకిళ్లు. ఇక చేతులు ఎన్ని? నెలకు 30 రోజులు. పండుగకు మూడు రోజులు, చుట్టాలకు, అంగడికి మరి మూడు రోజులు పోతే మిగిలేవి 24. ఇల్లాలు 24 రోజులు పనికి పోగలదు. ఇంటాయనకు నీళ్లు కట్టడం, గట్లు చెక్కడం, మందు కొట్టడం, మార్కెట్టు పని ఉంటాయి గనుక నాటుకు, ఏరుడుకు మిగిలేవి 12 రోజులే. ఇద్దరివీ కలిపి 36. తొంభై రెండులో ముప్పై ఆరు తీసివేస్తే 56 కైకిళ్లు తక్కువ. ఈ లెక్క మార్గశిరంలోనే వేసి ఉంటే పుష్యంలో అంత అవస్థ వచ్చేది కాదు.

“బదులు పని చేసుకుంటాము గదా” అని మీరు అనవచ్చును. ఇవాళ నీ మడిలో నేను, రేపు నా మడిలో నువ్వు. మంచి పద్ధతే. కాని ఒక్క సంగతి గుర్తుంచుకోండి. బదులు పని చేతులను పెంచదు, కావలసిన రోజున ఒక్కచోటికి చేరుస్తుంది, అంతే. తీసుకున్న పది కైకిళ్లను మళ్లీ ఇల్లాలి రోజుల్లోంచే తీర్చాలి. కనుక తక్కువపడిన చేతులకు దారి మూడు రకాలుగా వెతకాలి. కొంత పనిని తగ్గించుకోవాలి, కొంత పనిని ముందు వెనుకలు చేసుకోవాలి, మిగిలినదానికి డబ్బు ముందుగా చేతిలో పెట్టుకోవాలి.

మొదట వరి. నారంతా ఒకేనాడు పోయకండి. రెండెకరాలు ఉంటే ఒక ఎకరానికి ఇవాళ, రెండో ఎకరానికి పది రోజులు ఆగి తుకం పోయండి. అప్పుడు రెండు నాట్లు ఒకే వారంలో పడవు. ఎకరానికి రెండు గుంటల నారుమడి సరిపోతుంది. కూనారం సన్నాలు, ఎం.టి.యు. 1010 వంటి స్వల్పకాలిక రకాలు యాసంగికి తగినవి. చలికి నారు ఎదగదు, ఆకు పసుపుపచ్చగానో ఎర్రగానో అవుతుంది. చాలామంది దీనికి యూరియా మీద యూరియా చల్లుతారు. చలిలో వేరు పనిచేయనప్పుడు యూరియా ఎంత వేసినా లాభం లేదు. చలికాలపు నారుమడికి భాస్వరం మామూలుకంటే రెట్టింపు, అంటే రెండు గుంటలకు రెండు కిలోల భాస్వరం అందేటట్లు దుక్కిలో వేయాలి. రాత్రిపూట నారు మీద పాలిథీన్ పట్టా కప్పి, ఎండ రాగానే తీయాలి. కర్రలు పెట్టి కప్పండి, పట్టా ఆకుకు తగలకూడదు. రాత్రంతా చల్లబడిన నీళ్లను పొద్దున తీసివేసి బావి నీళ్లు పెట్టండి. బావి నీళ్లు, బోరు నీళ్లు తెల్లవారి గోరువెచ్చగా ఉంటాయి గదా, అవే నారుకు కాపుదల. జింకు లోపం కనబడితే లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి పిచికారి చేయండి.

నాటేటప్పుడు నారు కొనలు తుంచి నాటితే కాండం తొలిచే పురుగు గుడ్లు అక్కడే పోతాయి. పైపైన నాటాలి, లోతుగా గుచ్చితే పిలకలు తగ్గుతాయి. యాసంగిలో చదరపు మీటరుకు 44 కుదుళ్లు ఉండాలి. ప్రతి రెండు మీటర్లకు ఒక జానెడు వెడల్పున తూర్పు పడమరలుగా బాట వదలండి. ఏ కారణం చేతనైనా నారు ముదిరితే పారవేయనక్కర లేదు. కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టి, కుదుళ్లు దగ్గర చేయండి. నత్రజనిలో మూడింట రెండు వంతులు దమ్ములోనే వేసి, మిగిలినది అంకురం దశలో వేయండి. కొంత దిగుబడి తగ్గినా పంట దక్కుతుంది.

మనుషులు అసలే దొరకని వారికి డ్రమ్ సీడర్ ఉన్నది. మండెకట్టిన వడ్లను దానిలో పోసి చదును చేసిన దమ్ములో లాగితే వరుసలు పడతాయి. ఇద్దరు మనుషులు ఒక రోజులో ఎకరానికి పైగానే వేస్తారు. నారు పోసే పని, పీకే పని, నాటే పని మూడూ తప్పుతాయి. అయితే మడి చదునుగా లేకపోయినా, మొదటి వారాల్లో కలుపును అదుపులో పెట్టకపోయినా తప్పించుకున్న కైకిళ్లన్నీ కలుపు కింద తిరిగి కట్టవలసి వస్తుంది. మొదటిసారి అయితే ఒక్క ఎకరంలోనే చేసి చూడండి.

వరి ఆలస్యం కావద్దని ఎందుకు ఇంత చెబుతున్నాము? ఆలస్యమైన కొద్దీ వడ్లు పాలు పోసుకునే సమయం మండుటెండల్లో పడుతుంది, కోత వడగళ్ల కాలంలో పడుతుంది. 2023 మార్చిలో మహబూబాబాద్, వరంగల్ వైపు వడగళ్లు చేలను ఎట్లా నేలమట్టం చేసినవో చూసినవారు మరచిపోలేదు.

ఇక మిరప. 2021లో నల్ల తామరపురుగు పూలల్లో చేరి తోటలను తుడిచిపెట్టినప్పటినుంచి మిరప రైతు ప్రతి కాయనూ కాపాడుకుంటున్నాడు. అట్లా కష్టపడి కాపాడిన కాయను కల్లంలో పోగొట్టుకోవడం తగదు. పండిన కాయ కొన్ని రోజులు చెట్టు మీద ఆగుతుంది. కల్లంలో పోసిన కాయ మాత్రం ఒక్క రాత్రి కూడా ఆగదు. అందుచేత ఎండబెట్టే చోటు, పట్టాలు చూసుకున్న తరువాతనే ఏరుడు మొదలు పెట్టండి. మట్టి మీద పోయకండి. సాయంత్రం మంచు పడకముందే కుప్ప చేసి కప్పండి, పొద్దున ఎండ వచ్చాక పరవండి. ఊపితే లోపల గింజ గలగలమనాలి. తేమ పది, పదకొండు శాతానికి దిగాలి. తాలుకాయను వేరు చేయండి. బరువు కోసం నీళ్లు చల్లడం మహా చెడ్డ పని. తడి కాయకు బూజు పడుతుంది, ఆ బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కడిగినా పోదు, వండినా పోదు.

మిరప ఏరే అక్కచెల్లెళ్లకు ఒక ముఖ్యమైన మాట. మిరప ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఏరడానికి ముందు చేతులకు కొంచెం నూనె రాసుకోండి. ఇంటికి వచ్చాక ముందు నూనె రుద్ది, ఆ తరువాత సబ్బుతో రెండుసార్లు కడగండి. వట్టి నీళ్లతో కడిగితే మంట వ్యాపిస్తుందే గాని పోదు. చీర మార్చకుండా, చేతులు కడగకుండా చంటిపిల్లను ఎత్తుకోవద్దు. నేను చెప్పిన ఇంట్లో తల్లి ఆత్రంగా వచ్చి పాలియ్యబోతే పిల్లవాడి కంట్లో చెయ్యి తగిలి రాత్రంతా ఏడ్చాడు. మందు కొట్టిన తోటలో ఆ నాడే ఏరడానికి దిగవద్దు. తోటకు పిల్లలను తీసుకుపోవద్దు.

పత్తి విషయంలో చివరి ఏరుడు ఆశ పెద్దది. పై నాలుగు కాయల కోసం పంటను మాఘం దాకా ఉంచితే గులాబీ రంగు పురుగును వచ్చే ఏటికి పెంచి పోషించినట్లే. ఏరుడు కూలికీ, వచ్చే పత్తి ధరకూ లెక్క వేసి చూడండి. గిట్టకపోతే ఆ పన్నెండు కైకిళ్లను మిరపకు మళ్లించండి. పత్తి కట్టెను యంత్రంతో ముక్కలు చేసి దుక్కిలో కలపండి. పొయ్యిలోకి పనికి వస్తుందని ఇంటి పక్కన వామి వేస్తే దానిలో పురుగు దాగి, కొత్త పంట వేసేనాటికి బయటికి వస్తుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. పొలం పని లెక్కలో రాస్తాము గాని ఇంటి పని లెక్కలో రాయము. తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి, నీళ్లు తెచ్చి, వండి, సద్ది కట్టి, పాలు పిండి అప్పుడు ఆమె నాటుకు పోతుంది. సాయంత్రం తిరిగి వచ్చి మళ్లీ పొయ్యి ముట్టిస్తుంది. ఈ ఒక్క నెల మగవారు బర్రెల పని, నీళ్ల పని, పిల్లలను బడికి తయారు చేసే పని తీసుకుంటే ఇల్లాలికి రెండు గంటల నిద్ర దక్కుతుంది. నాటు గుంపులో ఐదారు ఇండ్లు కలిసి, చంటిపిల్లలను ఒక ముసలమ్మ దగ్గర ఉంచి ఆమెకు కూడా కైకిలి ఇస్తే పెద్దపిల్లలు బడి మానవలసిన పని ఉండదు. చలికి తట్టుకోలేక తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోవద్దు. దాని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

జాతర కూడా లెక్కలో ఉండాలి. మేడారం జాతర 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది. 2026లో జనవరి 28 నుంచి 31 దాకానే వచ్చింది. అంటే మిరప ఏరుడు నడుమనే. అమ్మలకు బెల్లం, అదే మన బంగారం, సమర్పించడానికి ఊరంతా కదిలిపోయే ఆ వారం కైకిలి మనుషులు దొరకరు. ఎవరినీ తప్పు పట్టనక్కర లేదు, మనమూ పోతాము గదా. ఆ వారానికి ముందే కల్లం ఎత్తేటట్లు చూసుకోవాలి. ఎత్తలేకపోతే ఇంట్లో ఒకరు కాపలా ఉండాలి.

నా తోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. ఈ నెలలో పగలు పదకొండు గంటలకు రైతు వేదికలో సమావేశం పెడితే వచ్చేవారు పనిలేని వారే. నాటు వేసేవారిని మడి గట్టు మీద సద్ది తినే వేళ కలవండి. సలహా చెప్పే ముందు, “ఇంట్లో ఎందరు చేతులున్నాయి?” అని అడగండి. ఆ ప్రశ్న ఇంటాయన ఒక్కణ్ణే కాదు, ఇల్లాలినీ అడగండి.

మరుసటి ఏడు కార్తీకంలో నేను ఆ ఇంటికి మళ్లీ పోయాను. ముగ్గురం కూర్చుని లెక్క వేశాము. ఒక ఎకరం డ్రమ్ సీడరుతో వేసి పది కైకిళ్లు తగ్గించారు. పత్తి ముందే ముగించి పన్నెండు తగ్గించారు. యాభై ఆరులో ఇక మిగిలినవి 34. వాటికి పత్తి డబ్బులోంచి ముందే తీసిపెట్టి, గుంపుకు రోజులు చెప్పి ఉంచారు. ఆ యేడు కూడా తిప్పలు లేకపోలేదు. నడుమ మోటారు కాలింది, రెండు రోజులు పోయినవి. కాని నారు ముదరలేదు, కాయ తడవలేదు. లెక్కంతా పాత క్యాలెండరు వెనుక రాసి గోడకు తగిలించారు. రాసింది ఆ పిల్లే. బడినుంచి వచ్చి, సాయంత్రం దీపం ముందు కూర్చుని, రోజూ ఒక గీత కొట్టేసేది.

మీ ఇంట్లో కూడా ఒక క్యాలెండరు ఉండే ఉంటుంది. ఈ రాత్రికే అందరూ కూర్చుని లెక్క వేసి చూడండి.