కట్టెల పొయ్యి వద్దంటే చలికి పూచీ ఎవరిది?

మనకు కట్టెల పొయ్యి అంటే వంట. ఊదుగొట్టం, కళ్ళల్లో నీళ్ళు, మసిపట్టిన గిన్నెలు. గ్యాస్ వచ్చాక ‘అమ్మయ్య’ అనుకోని ఇల్లాలు ఉండదు. కానీ చలిదేశాల పల్లెల్లో ఆ పొయ్యి ముఖ్యంగా ఇల్లు వెచ్చగా ఉంచడానికి. గొట్టం గుండా పొగ పైకి పోతుంది, వేడి గదిలో ఉంటుంది. ఆ పొయ్యి మీదే స్కాట్లాండ్‌లో పెద్ద రగడ జరిగింది.

2024 ఏప్రిల్ 1 నుంచి అక్కడి ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళు గ్యాస్, ఆయిల్ బాయిలర్లు పెట్టుకోకూడదు. కట్టెల పొయ్యీ కూడదు. పాత ఇళ్ళ జోలికి మాత్రం పోలేదు. బదులుగా హీట్ పంపు వాడుకోమన్నారు. మన ఫ్రిజ్ లోపలి వేడిని లాగి వెనకవైపు వదులుతుంది కదండీ, ఇదీ అంతే. బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి వదులుతుంది. మంచి పరికరమే. కాకపోతే కరెంటు ఉండాలి.

చిక్కు అక్కడే వచ్చింది. 2021 నవంబరులో ఆర్వెన్ తుఫాను వచ్చినప్పుడు బ్రిటన్‌లో దాదాపు 10 లక్షల ఇళ్ళకు కరెంటు పోయింది. కొన్ని వేల ఇళ్ళకు వారం దాటినా రాలేదు. మనకు కరెంటు పోతే విసనకర్ర తీసుకుంటాం. నవంబరు చలిలో పసిపిల్లలతో, ముసలివాళ్ళతో ఉన్న ఇల్లాలు ఏం తీసుకుంటుంది? పైగా అక్కడి దీవుల్లో, మారుమూల పల్లెల్లో చాలా చోట్ల గ్యాస్ పైపులే లేవు. కట్టె దగ్గర్లోనే దొరుకుతుంది.

అత్యవసరానికైతే మినహాయింపు ఉందన్నారు అధికారులు. నెలల తరబడి చలి ఉండేచోట ఏది అత్యవసరం, ఏది రోజువారీ అవసరం, మీరే చెప్పండి!

అలాగని ప్రభుత్వానిది ఒట్టి చాదస్తం అనలేం. 1952 డిసెంబరులో లండన్‌ను బొగ్గు పొగ కమ్మేసి వేలమంది చనిపోయారు. 1956లో పొగమీద చట్టం వచ్చింది అందుకే. కట్టె పొగలోని సన్నటి నుసీ ఊపిరితిత్తుల్లోకి దిగేదే. పట్నంలో, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళల్లో సరదాకి మంట వేసుకుంటామంటే నేనైతే ఒప్పుకోను. కానీ పట్నానికి సరిపడే నియమాన్ని మైళ్ళ దూరాన ఒంటరిగా ఉన్న ఇంటికీ తగిలిస్తే ఎలా?

పొయ్యి మానిపించేకన్నా కట్టె సంగతి చూడటం మేలనిపిస్తుంది. పచ్చికట్టె బరువులో సగం దాకా నీరే. ఆ నీరు ఆవిరయ్యేదాకా వేడి తక్కువ, పొగ ఎక్కువ. ఇంగ్లండ్‌లో 2021 నుంచి చిన్న మోపులుగా అమ్మే కట్టెల్లో తడి 20 శాతం లోపే ఉండాలి. వానలకు ముందే కట్టెలు కొట్టించి చూరు కింద పేర్పించిన మన అమ్మమ్మలకు ఇది తెలియని సంగతేం కాదు!

పల్లెవాళ్ళు పట్టు విడవలేదు. 2024 నవంబరులో స్కాట్లాండ్ ప్రభుత్వం దిగివచ్చింది. 2025 జనవరి 1 నుంచి కొత్త ఇళ్ళల్లో కట్టెల పొయ్యి పెట్టుకోవచ్చు. గ్యాస్, ఆయిల్ బాయిలర్లకు మాత్రం సడలింపు ఇవ్వలేదు.