పైన పగులు, అడుగున జారుడు

మా జనగామ మేనల్లుడు పటాలంలో ఉన్నాడు. మంచుకొండల్లో డ్యూటీ ముగించుకొని భూపాలపల్లి వచ్చినప్పుడు వాడి కన్ను మా ఓపెన్‌కాస్టు పక్కనున్న ఓబీ కుప్ప మీద పడింది. "ఈ వాలు చూస్తే భయమైతలేదా మామా?" అన్నాడు. ఓవర్‌మన్‌గా పనిచేసినోణ్ని, ఎందుకు కాదు?

బొగ్గు మీదున్న మట్టి, ఇసుకరాయి తీసి పోసేదే ఓబీ. నిబంధన ప్రకారం ఆ కుప్ప, అంటే డంపు, వాలు 37.5 డిగ్రీలు దాటొద్దు, ఎత్తు 30 మీటర్లు మించితే మెట్లలాగా బెంచీలు కట్టాలి. మంచు చరియలు ఎక్కువగా జారేదీ 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదే. అంతకన్నా నిటారైతే మంచు పేరుకోకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది.

వాలు సరిగ్గా ఉందని నిద్రపోవడానికి లేదు. కొండ మీద పాత మంచులో పంచదార పలుకుల్లాంటి వదులు పొర ఏర్పడుతుంది. దానిపై కొత్త మంచు గాలికి బిగిసి కూర్చుంటుంది. ఒక మనిషి బరువు చాలు, కింది పొర నలిగి పైదంతా కదిలిపోతుంది. అందుకే అక్కడి జవాన్లు గుంత తవ్వి పొరలు చూస్తారట. మా దగ్గర ఆ పాపం అడుగున వదిలేసిన నల్లరేగడిది. వాననీరు దిగి, బయటికి దారి దొరక్క, మట్టి పట్టు సడలుతుంది.

1966 అక్టోబర్ 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో ఊటల మీద పోసిన గని కుప్ప జారి బడిని ముంచింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలే. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచు విరిగిపడి 10 మంది జవాన్లు చనిపోయారు. కర్నూలు జిల్లా సిపాయి ముస్తాక్ అహ్మద్ వారిలో ఒకరు. అదే ఏడాది డిసెంబర్ 29న ఝార్ఖండ్ లాల్‌మటియా గనిలో మట్టి జారి 23 మంది పోయారు.

వాన వెలిసిన తెల్లారి డంపెక్కితే నేను ముందు చూసేది అంచునే. వెంట్రుకంత పగులు కనిపించినా అటొకటి ఇటొకటి ఇనుప చువ్వలు పాతి, మధ్య దూరం టేపుతో కొలిచి పుస్తకంలో రాసేవాళ్లం. షిఫ్టు షిఫ్టుకూ ఆ అంకె పెరిగే వేగం ఎక్కువవుతుంటే డంపర్లూ మనుషులూ దిగాల్సిందే, ఉత్పత్తి సంగతి తర్వాత. కుప్ప పాదం దగ్గర నేల ఉబ్బినా అంతే. ఇప్పుడైతే రాడార్లు మిల్లీమీటరు కదలికనూ పట్టేస్తున్నాయి, మంచిదే. పగులులోకి వాననీరు పోకుండా మట్టి కప్పడానికి మాత్రం ఇంకా మనిషే ఎక్కాలి.

పాత డంపుల మీద గడ్డి మొలిచిందని మేకలు తోలుకెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: గడ్డివేళ్లు పట్టేది పైమట్టినే, జారే పొర వాటికి అందనంత లోతులో ఉంటుంది.