నాదస్వరం మూగబోకూడదంటే



ఆలయానికి విచ్చేసే దాతలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "స్వామివారికి ఇంకా ఏమి చేయించమంటారు?" మండపమనీ, తలుపులకు వెండి తొడుగనీ ఇన్నాళ్లూ జవాబిచ్చాను. ఈ మాసం మరొక జవాబు మనవి చేస్తాను.

మా ఆలయ నాదస్వర విద్వాంసులకు 68 ఏళ్లు. డోలు విద్వాంసులు వారికంటే రెండేళ్లే చిన్నవారు. ప్రాతఃకాలాన భూపాలం, ఏకాంతసేవ వేళ నీలాంబరి, పల్లకి ఆగిన చోట ఆలాపన, హారతి వెలగగానే గతి మార్చడం వారికి ఏళ్ల తరబడి సేవలో అబ్బిన విద్య. నిరుడు ఉత్సవాలలో వారు జ్వరపడిన రెండు రోజులూ రికార్డు పెట్టించాను. పల్లకి ఆగింది, పాట ఆగలేదు. హారతి ముగిసింది, పాట ముగియలేదు. వారసుని ముందుగా సిద్ధం చేయని లోపం నాదే.

నేర్పేవారు లేరా అంటే ఉన్నారు. తిరుమల తిరుపతి దేవస్థానం తిరుపతిలో నాదస్వర, డోలు పాఠశాలను నడుపుతోంది. అయితే విద్య ముగించిన యువకులు పెళ్లి మేళాలకు తరలిపోతున్నారు. మేమిచ్చే సంభావనతో వారి ఇల్లు గడవదు.

నేటి ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి, అక్కడే 1982లో శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని స్థాపించి శిష్యులను తీర్చిదిద్దారు. 1999లో వారు పరమపదించినా ఆ బాణీ నిలిచింది. వారి శిష్యులైన షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులు పద్మశ్రీ పురస్కారం అందుకున్నారు. పెద్దల విద్య పెద్దలుండగానే చేతులు మారాలి.

అందుకే మూడు పనులు తలపెట్టాము. మొదటిది, ఇప్పుడే ఒక యువ విద్వాంసుని నియమించి, రెండేళ్లు ఇద్దరిచేతా కలిసి సేవ చేయించడం. రెండవది, పెద్దవారికి రాత్రి ఊరేగింపుల నడక తప్పించి, వైద్య వ్యయం భరించి, కొలువు ముగిసినా గురుసంభావన కొనసాగించడం. తన స్థానం పోతుందని భయపడే వారు విద్యను మనసారా ఇవ్వలేరు. మూడవది, యువకునికి నెల జీతం, భవిష్యనిధి, ఆలయ సమీపాన నివాసం, సేవకు భంగం లేని ముహూర్తాలలో బయట వాయించుకొనే అనుమతి.

రెండేళ్లపాటు ఒక కొలువుకు రెండు జీతాలు కావాలి. ఆ పిమ్మట ఈ వసతులు నిలవాలి. ఇందుకై ఒక శాశ్వత నిధి ఏర్పరుస్తున్నాము. అసలు చెక్కుచెదరదు, వడ్డీయే వ్యయమవుతుంది. మండపానికి ఇచ్చినట్లే మనిషికీ ఇవ్వండని నా ప్రార్థన.

వచ్చే ఉత్సవాలకు తప్పక విచ్చేయండి. పల్లకి ఆగిన చోట ఆలాపన అందుకొనే యువకుడు కనిపిస్తే, మీ కానుక స్వామివారికి చేరినట్లే.